విదేశాల్లో నర్సింగ్ లైసెన్సు: పరీక్ష కన్నా ముందు కాగితం

కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు, భీమవరం చుట్టుపక్కల నర్సింగ్ కాలేజీల్లో చదివే పిల్లల్లో విదేశం మాట తలవని వాళ్లు తక్కువ. కోనసీమలోనూ నరసాపురం వైపూ కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేసి వచ్చిన మనుషులు ఊరూరా కనిపిస్తారు. వీసా, మెడికల్, ఏజెంటు అనే మాటలు ఈ నేలకు కొత్త కావు. అయితే ఇంటిపనికి వెళ్లేవాళ్లకు వీసా వస్తే పని అయిపోతుంది. నర్సుకు అంతకు ముందే లైసెన్సు దారి తెరుచుకోవాలి. ఆ లైసెన్సు ఉద్యోగమిచ్చే ఆసుపత్రి చేతిలో ఉండదు. నర్సుల్ని నమోదు చేసే రెగ్యులేటర్ ఇవ్వాలి. దుబాయ్‌కి ఒకటి, అబుధాబికి ఇంకొకటి, బ్రిటన్‌కి వేరొకటి, అమెరికాలో రాష్ట్రానికొకటి.

పేర్లు ఎన్ని ఉన్నా వాళ్లు అడిగేవి అయిదు: చదువు, సొంత దేశంలో రిజిస్ట్రేషన్, అనుభవం, భాష, పరీక్ష. చివరి రెండింటికీ కోచింగ్ సెంటర్లు ఉన్నాయి కనుక అందరి చూపూ వాటి మీదే. ఫైలు నెలల తరబడి కదలకుండా పడి ఉండేది మాత్రం మొదటి మూడింటి దగ్గర. ఎందుకంటే అభ్యర్థి స్కాన్ చేసి పంపిన సర్టిఫికెట్‌తో రెగ్యులేటర్ ఆగదు. దాన్ని ఎవరు ఇచ్చారో వాళ్లనే నేరుగా అడుగుతుంది. ప్రైమరీ సోర్స్ వెరిఫికేషన్ అనేది ఇదే. ఇంట్లో బీరువాలో లామినేషన్ చేయించి దాచుకున్న ఒరిజినల్ కన్నా, విజయవాడలోని రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నుంచి నేరుగా వెళ్లే ఒక్క ఉత్తరానికి బలం ఎక్కువ. (లామినేషన్ చేయిస్తే, పత్రం నిజమైనదేనని ప్రభుత్వ ఆఫీసులు వేసే అటెస్టేషన్ స్టాంపుకు చోటుండదు. ఆ పని అసలు చేయించకూడదు.)

ఏ కోర్సుకు ఏ తలుపు

ఏఎన్‌ఎం (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్) చదువుతో రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు రాదు. అసిస్టెంట్, కేర్‌గివర్ స్థాయి పనులే వస్తాయి. "ఏఎన్‌ఎంకి స్టాఫ్ నర్సు పోస్టు ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే ఆ సంభాషణ అక్కడితో ముగించడం మంచిది.

జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) డిప్లొమాతో బ్రిటన్, గల్ఫ్ దేశాలు, అమెరికాలో చాలా రాష్ట్రాలు దరఖాస్తు తీసుకుంటాయి. కానీ అన్నిచోట్లా డిగ్రీతో సమానంగా చూడవు. సౌదీ అరేబియాలో బీఎస్సీ నర్సింగ్ వారిని స్పెషలిస్టుగా, డిప్లొమా వారిని టెక్నీషియన్‌గా వర్గీకరిస్తారు. జీతం స్కేలు దాన్ని బట్టే. ఆస్ట్రేలియా 2020 మార్చి నుంచి అమలు చేస్తున్న పద్ధతిలో ముందుగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ చెక్ ఉంటుంది, అది చదువును బట్టి అభ్యర్థుల్ని స్ట్రీములుగా విడదీస్తుంది. మన బీఎస్సీ వారు మామూలుగా స్ట్రీమ్ బీలో పడి పరీక్షలకు అర్హులవుతారు. ఉత్త జీఎన్‌ఎం వారు స్ట్రీమ్ సీలో పడి చదువు పెంచుకుని రమ్మనే జవాబు అందుకుంటారు. ఆస్ట్రేలియా మీద మనసున్న జీఎన్‌ఎం వారు ముందు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసుకున్నాకే ఫీజులు కట్టడం తెలివైన పని.

చదువుకు రుజువు డిగ్రీ పట్టా ఒక్కటే కాదు, ట్రాన్‌స్క్రిప్ట్ కూడా. అంటే ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు థియరీ, ఎన్ని గంటలు క్లినికల్ అన్న లెక్క. 2021-22 నుంచి బీఎస్సీ సెమిస్టర్, క్రెడిట్ల పద్ధతికి మారింది. క్రెడిట్లు వేసి గంటలు వదిలేసిన ట్రాన్‌స్క్రిప్ట్ తిరిగి రావడం ఖాయం. మానసిక వైద్యం, పిల్లలు, ప్రసూతి, మెడికల్-సర్జికల్ విభాగాలకు క్లినికల్ గంటలు విడివిడిగా కనిపించాలి. కొన్ని కాలేజీల్లో గుమస్తా పాత విద్యార్థి కాపీ తీసి పేరు మార్చి ప్రింటు తీస్తాడు. ఆ విద్యార్థి చదివింది వేరే సిలబస్ అయితే మొత్తం కూడిక సిలబస్‌తో సరిపోదు, ఫైలు ఆగుతుంది. కవరు సీలు చేసి, అతుకు మీద సంతకం, స్టాంపు వేసి కాలేజీయే పంపాలని అడిగేచోట, ఆ కవరును ఇంట్లో "ఒకసారి చూద్దామని" విప్పితే చెల్లదు.

అమెరికా వాళ్లు ఇంటర్ మార్కుల జాబితా కూడా అడుగుతారు. నర్సింగ్‌కి ముందు పన్నెండో తరగతి స్థాయి చదువు ఉందా లేదా అన్నది వాళ్లకు ముఖ్యం.

కౌన్సిల్, యూనివర్సిటీ: పేర్లు మారిన ఆఫీసులు

మన దగ్గర నర్సును నమోదు చేసేది రాష్ట్ర కౌన్సిల్. ఢిల్లీలోని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 1947 చట్టంతో ఏర్పడింది. సిలబస్, కాలేజీల ప్రమాణాలు దాని పని. రెండింటి పాత్ర వేరు. విదేశీ దరఖాస్తులో "లైసెన్సింగ్ అథారిటీ" అని అడిగిన గడిలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అని రాస్తే వెరిఫికేషన్ అభ్యర్థన ఢిల్లీకి వెళ్లి అక్కడే తిరుగుతుంది. ఆ గడిలో రాయాల్సింది రాష్ట్ర కౌన్సిల్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు.

2014 జూన్‌కు ముందు చదివి రిజిస్టరైనవారి సర్టిఫికెట్ మీద హైదరాబాద్ చిరునామా ఉంటుంది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ కార్యకలాపాలు విజయవాడకు వచ్చాయి. పాత చిరునామా చూసి విదేశీ సంస్థ హైదరాబాద్‌కు రాస్తే జవాబు రాదు. కాబట్టి పాత రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు దరఖాస్తుకు ముందే రెన్యువల్ చేయించుకుని, రికార్డు ఏ ఆఫీసులో ఉందో ఖాయం చేసుకోవాలి.

యూనివర్సిటీది ఇంకో చిక్కు. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం చాలాకాలం డాక్టర్ ఎన్టీఆర్ పేరుతో ఉంది, 2022లో డాక్టర్ వైఎస్సార్ పేరుకు మారింది, 2024లో తిరిగి ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. 2019లో చేరి 2023లో పాసైన అమ్మాయికి మొదటి ఏడాది మార్కుల మెమో ఒక పేరు మీద, చివరి ఏడాదిది మరో పేరు మీద, ఇప్పుడు తీసుకునే ట్రాన్‌స్క్రిప్ట్ మళ్లీ మొదటి పేరు మీద ఉండవచ్చు. విదేశంలో కూర్చుని చూసేవాడికి ఇవి రెండు వేర్వేరు యూనివర్సిటీలు. పేరు మార్పును తెలిపే ఉత్తరం ఒకటి యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద తీసుకుని ఫైలుతో జతచేస్తే రెండు మూడు వారాల ఉత్తరప్రత్యుత్తరాలు తప్పుతాయి.

బెంగళూరు, కోలారు వైపు చదివి వచ్చినవాళ్లు గోదావరి జిల్లాల్లో తక్కువేం కాదు. వీళ్లు ముందు కర్ణాటక కౌన్సిల్‌లో రిజిస్టరై, ఆ తర్వాత ఇక్కడికి మార్చుకుంటారు. విదేశీ రెగ్యులేటర్ మొదటి రిజిస్ట్రేషన్ ఎక్కడని అడుగుతుంది. ఎక్కడెక్కడ పేరు నమోదై ఉందో అక్కడి నుంచల్లా గుడ్ స్టాండింగ్, అంటే రిజిస్ట్రేషన్ మీద మచ్చ లేదన్న పత్రం, కోరవచ్చు. ఒకటి దాచి రెండోది మాత్రమే రాస్తే, వెరిఫికేషన్‌లో బయటపడ్డప్పుడు అది పొరపాటుగా కాక అబద్ధంగా నమోదవుతుంది. చదివిన కాలేజీ చేరిన సంవత్సరంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఉందా అన్నది కూడా ముందే చూసుకోవాల్సిన విషయం. ఇప్పుడు ఉంటే చాలదు, చేరిన ఏడాది ఉండాలి.

ఒక అమ్మాయి, నాలుగు పేర్లు

గోదావరి జిల్లాల పేర్లు పొడుగు. ఉదాహరణకు ఒక ఊహాచిత్రం. టెన్త్ సర్టిఫికెట్‌లో పల్లి లక్ష్మీ వెంకట సత్యవేణి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో పి.ఎల్.వి. సత్యవేణి. ఆధార్‌లో పల్లి సత్యవేణి. పెళ్లయ్యాక తీసుకున్న పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో అత్తింటి పేరు, గివెన్ నేమ్ గడిలో లక్ష్మీ వెంకట సత్యవేణి. దీనికి తోడు లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు; వేణి చివర ఒకచోట ఐ, ఇంకోచోట వై. బాప్తిస్మం పేరు ఇంటి దగ్గర ఒకటి, సర్టిఫికెట్లో ఒకటి ఉన్న కుటుంబాల్లో ఇది మరింత ముదురుతుంది.

ఇక్కడి ఆఫీసుల్లో ఎవరికీ ఇది సమస్య అనిపించదు. పి.ఎల్.వి. అంటే ఏమిటో అందరికీ తెలుసు. విదేశీ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఇవి నలుగురు మనుషులు. బ్రిటన్ పరీక్షా కేంద్రంలోనూ, అమెరికా లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ కేంద్రంలోనూ, దరఖాస్తులో పేరుకూ పాస్‌పోర్టులో పేరుకూ తేడా ఉంటే లోపలికి రానివ్వరు. కట్టిన ఫీజు పోతుంది.

సరిచేసే దారి టెన్త్ సర్టిఫికెట్ దగ్గర మొదలవుతుంది. దాన్ని మార్చడం అన్నిటికన్నా కష్టం కనుక మిగతావన్నీ దాని వైపు జరగాలి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయించుకునేటప్పుడే పొడి అక్షరాలు విప్పి పూర్తి పేరు రాయించాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, మిగతాది గివెన్ నేమ్ గడిలో టెన్త్‌లో ఉన్న స్పెల్లింగుతోనే ఉండాలి. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం ఏదీ అనదు. లైసెన్సు చేతికొచ్చేదాకా పుట్టింటి పేరుతోనే పాస్‌పోర్టు ఉంచుకోవడం చాలా తలనొప్పుల్ని తప్పిస్తుంది. ఇప్పటికే మార్చుకున్నవారు వివాహ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను ప్రతి దరఖాస్తుకూ జతచేయాలి. నోటరీ దగ్గర "ఇద్దరూ ఒకరే" అని రాయించిన అఫిడవిట్‌ను కొన్ని సంస్థలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. దాని మీద ఆధారపడి పరీక్ష తేదీ బుక్ చేసుకోకూడదు.

అనుభవం సర్టిఫికెట్: చిన్న నర్సింగ్ హోముల చిక్కు

అమలాపురం, పాలకొల్లు, తణుకు, మండపేట లాంటి పట్టణాల్లో పదీ ఇరవై పడకల నర్సింగ్ హోముల్లో చాలామంది మొదటి ఉద్యోగం చేస్తారు. పని బాగా నేర్పే చోట్లే అవి. కానీ జీతం చేతికిస్తారు, పీఎఫ్ ఉండదు, అపాయింట్‌మెంట్ ఆర్డరు ఉండదు. రెండేళ్ల తర్వాత డాక్టరుగారు లెటర్‌ప్యాడ్ మీద "హార్డ్‌వర్కింగ్, సిన్సియర్" అని రాసి సంతకం పెట్టి ఇస్తారు. ఆ మాటలు ఎవరికీ అక్కర్లేదు. కావలసినవి: హోదా స్టాఫ్ నర్సు అని, చేరిన తేదీ, మానిన తేదీ, ఫుల్ టైమా కాదా, వారానికి ఎన్ని గంటలు, ఏ వార్డు, సంతకం చేసినవారి పేరు, హోదా, ఆసుపత్రి ఫోను, ఈమెయిలు.

గల్ఫ్ దేశాల రెగ్యులేటర్ల తరఫున వెరిఫికేషన్ చేసేది ప్రధానంగా డేటాఫ్లో అనే సంస్థ. అది ఆసుపత్రికి మెయిల్ పంపుతుంది. ఆ మెయిల్ చూసేవారు లేకపోయినా, చూసినా "ఇదేదో ఫ్రాడ్" అనుకుని వదిలేసినా, నివేదికలో వెరిఫై చేయలేకపోయామని వస్తుంది. నర్సు తప్పేమీ లేదు, ఫైలు మాత్రం ఆగింది. అందుకని ఫీజు కట్టిన రోజే ఆసుపత్రికి వెళ్లి, ఫలానా సంస్థ నుంచి మెయిల్ వస్తుంది, జవాబివ్వండి అని చెప్పి, ఏ మెయిల్ ఐడీకి వస్తుందో కాగితం మీద రాసిచ్చి రావాలి. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లు తొలి నెల నుంచే జీతం బ్యాంకు ఖాతాలో వేయించుకుంటే, ఆ స్టేట్‌మెంటే రేపు అనుభవానికి సాక్ష్యం.

చాలామందికి తట్టని విషయం ఒకటుంది. ఫైనలియర్ రాసి, రిజిస్ట్రేషన్ రాకముందే డ్యూటీలో చేరిన నెలలు సాధారణంగా లెక్కలోకి రావు. అనుభవం మొదలయ్యేది రిజిస్ట్రేషన్ తేదీ నుంచి. అలాగే ప్రసవానికో, పరీక్షల ప్రిపరేషన్‌కో మానేసి రెండేళ్లు దాటితే ఎమిరేట్స్‌తో సహా పలుచోట్ల గ్యాప్ ప్రశ్న వస్తుంది. కోచింగ్ కోసం ఉద్యోగం పూర్తిగా మానేయడం ఆ లెక్కన నష్టమే.

దొంగ అనుభవం సర్టిఫికెట్లు అమ్మేవాళ్లూ ఉన్నారు. పట్టుబడితే ఆ ఒక్క దరఖాస్తు పోవడంతో ఆగదు. నెగటివ్ నివేదిక రికార్డులో ఉండిపోతుంది; ఒక గల్ఫ్ దేశంలో పడిన మచ్చ పక్క దేశంలోనూ కనిపిస్తుంది.

గల్ఫ్

ఎమిరేట్స్‌లో లైసెన్సు ఇచ్చేది దుబాయ్‌కి డీహెచ్ఏ (దుబాయ్ హెల్త్ అథారిటీ), అబుధాబికి డీఓహెచ్ (అక్కడి ఆరోగ్య శాఖ), మిగతా ఎమిరేట్లకు ఆరోగ్య మంత్రిత్వ శాఖ. సౌదీకి ముమారిస్ ప్లస్ పోర్టల్ ద్వారా ఆరోగ్య వృత్తుల కమిషన్. ఒమన్‌, బహ్రెయిన్‌, ఖతార్‌, కువైట్‌లకు వేర్వేరు సంస్థలు. క్రమం దాదాపు ఒకటే: అర్హత చూసుకోవడం, డేటాఫ్లో, కంప్యూటర్ మీద బహుళైచ్ఛిక పరీక్ష, ఎలిజిబిలిటీ లెటర్, ఉద్యోగం దొరికాక లైసెన్సు యాక్టివేషన్. పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు. ఎలిజిబిలిటీ లెటర్‌నే లైసెన్సు అనుకుని సంబరపడేవాళ్లున్నారు. ఆసుపత్రి పేరు మీద యాక్టివేట్ అయ్యేదాకా దానితో డ్యూటీ చేయకూడదు.

అటెస్టేషన్ దేశాన్ని బట్టి మారుతుంది. ఒమన్, బహ్రెయిన్ పత్రాల గుర్తింపుకు సంబంధించిన హేగ్ ఒప్పందంలో ఉన్నాయి, సౌదీ 2022 డిసెంబరులో చేరింది. వీటికి రాష్ట్ర స్థాయి తర్వాత మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర సరిపోతుంది, ఎంబసీ మెట్టు ఉండదు. ఎమిరేట్స్, కువైట్, ఖతార్‌లకు మాత్రం రాష్ట్ర స్థాయి, విదేశాంగ శాఖ, ఎంబసీ అన్న మూడు మెట్ల దారి.

కువైట్ విషయంలో డెల్టా వాళ్లకు ఒక హెచ్చరిక అవసరం. ఇక్కడ అలవాటైన దారి ఖద్దామా వీసా, అంటే ఆర్టికల్ 20, ఇంటిపని వీసా. ప్రైవేటు ఆసుపత్రి ఉద్యోగానికి ఆర్టికల్ 18 కావాలి. "ముందు ఇరవైలో వెళ్లిపో, ఒక ముసలావిడను చూసుకోవాలి, ఆరు నెలల తర్వాత ఆసుపత్రికి మార్పిస్తాం" అన్న మాటకు లోబడిన నర్సుకు మూడు నష్టాలు: ఇరవై నుంచి పద్దెనిమిదికి మారడం మామూలు రోజుల్లో కుదరదు, ఇంట్లో చేసిన పని నర్సింగ్ అనుభవంగా లెక్కకు రాదు, ఆ కాలమంతా వృత్తిలో గ్యాప్‌గా పడుతుంది.

ప్రభుత్వ నిబంధన కూడా దీనికి అడ్డం. 2015 నుంచి ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ అవసరమైన) దేశాలకు, అంటే ఆరు గల్ఫ్ దేశాలతో కలిపి, ఉద్యోగానికి వెళ్లే నర్సులకు పాస్‌పోర్టు ఏదైనా ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి. అది ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా రావాలి. విజిట్ వీసా మీద ఎక్కిస్తామనేవాడు ఈ మెట్టునే ఎగ్గొట్టిస్తున్నాడు. రాష్ట్రంలో ఇందుకు ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది. రిజిస్టర్డ్ ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, జీఎస్టీతో కలిపి 35,400. లక్షల్లో మాట్లాడుతుంటే ఆ డబ్బు దేనికో రశీదు మీద రాయమని అడగాలి. రాయడు. అదే జవాబు.

బ్రిటన్

బ్రిటన్‌లో నర్సుల రెగ్యులేటర్ ఎన్‌ఎంసీ. దాని పరీక్షకు రెండు భాగాలు. మొదటిది సీబీటీ, అంటే కంప్యూటర్ మీద రాసేది, ఇక్కడే రాయవచ్చు. పార్ట్ ఏలో లెక్కలు 15, అరగంట. పార్ట్ బీలో నర్సింగ్ ప్రశ్నలు 100, రెండున్నర గంటలు. లెక్కల్ని తేలిగ్గా తీసుకుని దెబ్బతినేవాళ్లు ఎక్కువ. 1000 మి.లీ. సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి అంటే గంటకు 125 మి.లీ.; మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్ అయితే నిమిషానికి 41.67, అంటే 42 చుక్కలు. వార్డులో "రెండు వేళ్లు పెట్టి చూస్తే చాలు" అన్న అలవాటుతో వచ్చినవాళ్లకు ఆ దశాంశం దగ్గరే మార్కు పోతుంది.

రెండో భాగం ఆస్కీ, అంటే పని చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష. బ్రిటన్ వెళ్లాకే రాయాలి, పది స్టేషన్లు. ఉద్యోగంలో చేరిన 12 వారాల్లోపు మొదటి ప్రయత్నం, 8 నెలల్లోపు పాస్. ఒక దరఖాస్తుకు మూడు అవకాశాలు. మామూలుగా తప్పిన స్టేషన్లే మళ్లీ రాస్తారు. ఇక్కడ తప్పేది జ్ఞానం లేక కాదు, చేతి అలవాటు వల్ల. మన వార్డుల్లో రోగిని "ఏడో బెడ్డు" అని పిలవడం మామూలు. అక్కడ మందు ఇచ్చే ముందు పేరు, పుట్టిన తేదీ రోగి నోటితోనే చెప్పించి చేతి బ్యాండ్‌తో పోల్చకపోతే, అలర్జీ అడగకపోతే స్టేషన్ పోయినట్టే. శ్వాస లెక్క పూర్తి నిమిషం చూడాలి. ఇక్కడ రద్దీలో ప్రతి చార్టులోనూ 20 అని రాసేయడం ఎంత పాతుకుపోయిందంటే, పరీక్షలో గడియారం చూస్తూ కూడా చేయి 20 వైపే పోతుంది. రోగి పరిస్థితి ఎంత ప్రమాదంగా ఉందో స్కోరు వేసి చూడడానికి బ్రిటన్ వాడే న్యూస్ 2 చార్టులో 20కి సున్నా స్కోరు, 21కి 2, 25కి 3. ఆ ఒక్క అంకెతో రోగిని డాక్టరుకు చూపించాల్సిన తొందర మారిపోతుంది. జ్వరం మనకు ఫారెన్‌హీట్, వాళ్లకు సెల్సియస్: 98.6 అంటే 37. షుగరు మనకు 180 అయితే వాళ్ల మీటరు 10 చూపిస్తుంది, 18తో భాగించాలి. ఈ రెండు మార్పులూ విమానం ఎక్కేముందే వేళ్ల మీదికి రావాలి.

ఫీజులు 2025 నాటి లెక్క ప్రకారం: అర్హత పరిశీలన 140 పౌండ్లు, సీబీటీ 83, ఆస్కీ 794, నమోదు 153. ప్రభుత్వ ఆసుపత్రుల్ని నడిపే ఎన్‌హెచ్ఎస్ ట్రస్టులు చాలావరకు ఆస్కీ ఖర్చు భరిస్తాయి. ఆఫర్ లెటర్‌లో అది మొదటి ప్రయత్నానికేనా, రెండోదానికీనా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి అన్నది చదివాకే సంతకం పెట్టాలి. పిన్, అంటే ఎన్‌ఎంసీ రిజిస్ట్రేషన్ నంబరు, వచ్చేదాకా కింది బ్యాండు జీతమే, వచ్చాక నర్సుల జీతం మెట్టయిన బ్యాండ్ 5.

ఇంగ్లీషుకు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో చదవడం, వినడం, మాట్లాడడంలో 7, రాయడంలో 6.5, మొత్తం మీద 7; లేదా వైద్య రంగం వాళ్ల కోసం పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీలో రాయడం సీ ప్లస్, మిగతావి బీ. ఏడాదిలోపు రాసిన రెండు ప్రయత్నాల స్కోర్లు కలపవచ్చు, కాకపోతే ఒక్కో విభాగానికి కనీస గీత ఉంది: ఐఈఎల్‌టీఎస్ రాయడంలో 6, మిగతావాటిలో 6.5 కన్నా దిగకూడదు. ఇంగ్లీషు మీడియంలో చదివాం కనుక పరీక్ష అక్కర్లేదు కదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. వార్డులో రోగులతో మాట్లాడింది కూడా చాలావరకు ఇంగ్లీషులోనే అయి ఉండాలని ఎన్‌ఎంసీ షరతు. కాకినాడ జనరల్ ఆసుపత్రిలో పేషంటుతో ఇంగ్లీషు మాట్లాడే నర్సు ఎవరు? పరీక్ష రాయడమే దారి.

ఓఈటీ రాయడంలో కేస్ నోట్స్ ఇచ్చి 180 నుంచి 200 మాటల ఉత్తరం రాయమంటారు. మనవాళ్లు నోట్స్‌లో ఉన్నదంతా ఎక్కించేస్తారు. ఉత్తరం అందుకునే మనిషికి ఏది కావాలో అది మాత్రం ఏరడమే అక్కడ పరీక్ష; డిస్చార్జి తర్వాత ఇంటికొచ్చి చూసే నర్సుకు ఉత్తరం రాస్తుంటే, ఎప్పుడో చిన్నప్పుడు జరిగిన అపెండిక్స్ ఆపరేషన్ అక్కర్లేదు.

భాషా పరీక్షల ఫలితాలకు ఆయుష్షు సాధారణంగా రెండేళ్లు. గుడ్ స్టాండింగ్, పోలీసు క్లియరెన్సులకు ఇంకా తక్కువ. ట్రాన్‌స్క్రిప్ట్, అనుభవం, పేరు సవరణలకు గడువు లేదు. అందుచేత గడువు లేనివి ముందు, గడువున్నవి తర్వాత చేయించుకోవాలి. కోచింగ్ సెంటర్ల ప్రచారం వల్ల జరిగేది దీనికి తలకిందులు: ముందు ఐఈఎల్‌టీఎస్, ఆ తర్వాత పేరు సవరణకు ఏడాది తిరుగుడు, అప్పటికి స్కోరు మురిగిపోతుంది.

2024 నుంచి ఎన్‌హెచ్ఎస్ విదేశీ నియామకాలు బాగా తగ్గాయి. సీబీటీ పాసై స్పాన్సర్ కోసం ఎదురుచూసేవాళ్లు ఎక్కువయ్యారు. కేర్ వర్కర్ వీసా 2025 జులై 22 నుంచి విదేశాల్లో ఉన్న కొత్తవాళ్లకు మూతపడింది; ఇప్పటికీ ఆ పేరు చెప్పి డబ్బు అడిగేవాడు అబద్ధమాడుతున్నాడు.

ఎన్‌క్లెక్స్

అమెరికాకు, 2015 నుంచి కెనడాకు, 2020 నుంచి ఆస్ట్రేలియాకు కూడా నర్సు రాయాల్సింది ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, అయిదు గంటలు. జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది. 85 దగ్గర ఆగిపోతే పాసనీ ఫెయిలనీ ఏమీ తేలదు. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త రూపంలో కేస్ స్టడీలు చేరాయి, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. మందుల పేర్లు అమెరికావి: పారాసిటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ ఆల్బ్యుటెరాల్. తప్పితే 45 రోజుల తర్వాతే మళ్లీ. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే మరో 150, పైన పన్ను.

పరీక్షకు ముందు ఒక రాష్ట్ర బోర్డును ఎంచుకోవాలి. చాలా బోర్డులు, విదేశీ నర్సుల చదువును పరిశీలించే సీజీఎఫ్ఎన్ఎస్ సంస్థ వారి సీఈఎస్ నివేదిక అడుగుతాయి, న్యూయార్క్ అదే సంస్థ చేసే వేరే వెరిఫికేషన్ అడుగుతుంది. ఆ సంస్థ 2025లో ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారికి దారి ఇచ్చే రాష్ట్రాన్నే మొదట ఎంచుకోవాలి. కాలిఫోర్నియా థియరీ, క్లినికల్ ఒకే కాలంలో జరిగాయా అని తవ్వుతుంది. ప్రసూతి థియరీ ఒక ఏడాది, పోస్టింగు మరో ఏడాది అయితే అక్కడ చిక్కు.

ఎన్‌క్లెక్స్ పాసవడం అమెరికా వీసా కాదు. నర్సులు మామూలుగా వెళ్లేది ఉద్యోగం ఆధారంగా ఇచ్చే ఈబీ-3 గ్రీన్‌కార్డు దారిలో. భారత్‌లో పుట్టినవారికి 2025లో ఆ వరస 2012-13 నాటి దరఖాస్తుల దగ్గరే నడిచింది. వీసా కోసం నర్సు అర్హతల్ని ధ్రువీకరించే వీసాస్క్రీన్ సర్టిఫికెట్, దానికి విడిగా ఇంగ్లీషు స్కోరు అదనం. ఇది తెలిసీ ఎన్‌క్లెక్స్ రాయడంలో తప్పు లేదు, ఆస్ట్రేలియాకు అదే పరీక్ష పనికొస్తుంది కనుక. తెలియక అప్పు చేసి రాయడంలోనే నష్టం. ఆస్ట్రేలియాకు ఆ తర్వాత అక్కడికే వెళ్లి రాసే ఆస్కీ ఉంటుంది. అక్కడ నిరూపించాల్సింది మళ్లీ చేతి పనే.

జర్మనీ, ఐర్లాండ్

జర్మనీలో మొదటి గోడ భాష. లైసెన్సుకు సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ కావాలి. గుర్తింపు రాష్ట్రాల వారీగా ఇస్తారు. మన సిలబస్‌ను వాళ్ల సిలబస్‌తో పోల్చి తక్కువైనవేమిటో ఒక నోటీసు పంపుతారు. దాన్ని పూడ్చుకోవడానికి అక్కడికెళ్లాక నాలెడ్జ్ టెస్టు గానీ అడాప్టేషన్ కోర్సు గానీ. అప్పటిదాకా అసిస్టెంటు హోదా. సిలబస్ మొత్తం గుర్తింపు పొందిన అనువాదకుడి చేత జర్మన్‌లోకి మార్పించాలి, ఆ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో ఉండాలి. గోయెథే సంస్థ పెట్టే జర్మన్ బీ1, బీ2 పరీక్షల్లో నాలుగు మాడ్యూళ్లు విడివిడిగా రాయవచ్చు, తప్పింది మాత్రమే మళ్లీ రాస్తే చాలు. ఐర్లాండ్‌లో రెగ్యులేటర్ నిర్ణయ పత్రం ఇచ్చాక ఆసుపత్రిలో అడాప్టేషన్ లేదా ఆప్టిట్యూడ్ టెస్టు, రెండింట్లో ఒకటి.

వెళ్లాక కూడా వదలకూడని రిజిస్ట్రేషన్

బ్రిటన్ పిన్ వచ్చింది, ఇక విజయవాడ కౌన్సిల్‌తో పనేముంది అనుకుని రెన్యువల్ వదిలేసేవాళ్లు చాలామంది. తర్వాత ఆస్ట్రేలియాకో కెనడాకో మారాలనుకున్నప్పుడు, చదువుకున్న చోటి కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ అడిగితే లాప్స్ అయిన రిజిస్ట్రేషన్ అడ్డం వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆస్ట్రేలియా బ్రిటన్, ఐర్లాండ్, అమెరికా, సింగపూర్ వంటి కొన్ని చోట్ల 2017 తర్వాత కనీసం 1,800 గంటలు రిజిస్టర్డ్ నర్సుగా పనిచేసినవారికి పరీక్షలు లేని దారి తెరిచింది. మాంచెస్టర్‌లో రెండేళ్లు చేసిన అమలాపురం నర్సుకు అది దగ్గరి దారి. ఆ దారి పట్టాలనుకునేవారు బ్రిటన్‌లో చేరిన రోజు నుంచే డ్యూటీ రోస్టర్లు, పే స్లిప్పులు దాచుకోవాలి. గంటల లెక్క అడిగినప్పుడు ఆసుపత్రి ఇచ్చే ఉత్తరానికి అవే ఆధారం. విజయవాడలో రిజిస్ట్రేషన్ గడువు తేదీ ఫోనులో పెట్టుకుని, సెలవుకు వచ్చినప్పుడు రెన్యువల్ చేయించుకుంటే ఆ పని ఒకటి మిగలదు.